రాగిరేకులకు అందని రాగము

తిరుమల శ్రీవారి ఆలయమునందలి సంకీర్తన భాండాగారము ఒక చిన్న రాతి గది. తాళ్లపాక కవుల సంకీర్తనములు వేలకొలదిగా రాగిరేకులపై చెక్కబడి, శతాబ్దముల తరబడి అందులోనే ఉండిపోయినవి. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకములలో అవి వెలుగు చూచిన పిమ్మట, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దల కృషి వలన అన్నమాచార్యుల వారి (1408–1503) వాక్కు లోకమునకు మరల వినవచ్చినది. ఈ కథ భక్తులకు తెలిసినదే. అంతగా చెప్పుకొనని సంగతి ఒకటున్నది. ఆ రేకులపై కీర్తనకు రాగము పేరు వ్రాసియున్నది. స్వరము మాత్రము లేదు.

పేరున్నచో చాలదా అని తోచవచ్చును. ముఖారి సంగతి చూడుడు. రాగిరేకులలో తరచుగా కనిపించు పేరది. 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి యనగా శుద్ధస్వరములతో ఏర్పడిన మేళము. నేటి పరిభాషలో కనకాంగికి సమానము. నేడు కచేరీలలో వినవచ్చు ముఖారియో, ఖరహరప్రియకు జన్యమని ఎన్నబడుచు చతుశ్రుతి రిషభముతో నడచుచున్నది. పేరు ఒక్కటే, రూపము వేరు. ఇక కొండమలహరి, దేసాళము వంటివి నేటి కచేరీలలో దాదాపు వినరావు. కనుక మనము పరవశించి వినుచున్న అన్నమయ్య పాటల వరుసలు చాలమట్టుకు గత శతాబ్ది విద్వాంసులు కూర్చినవే. రాళ్లపల్లి వారు తాము స్వరపరచిన కీర్తనలను స్వరలిపితో సహా ప్రకటించినారు. వారి ఋణము తీరునది కాదు. అయినను ఆచార్యుల వారి గళమున పలికిన వరుస ఎట్టిదో రాగి చెప్పలేకపోయినది. మాటను లోహము మోసినది. వరుసను మోయవలసిన చెవులు నడుమ ఎక్కడనో తెగిపోయినవి.

లిపిలో రాగమును పట్టుటకు గొప్ప ప్రయత్నములు జరుగకపోలేదు. సుబ్బరామ దీక్షితుల వారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున అచ్చయినది. తమిళదేశమున వెలువడినను ఆ మహాగ్రంథము తెలుగు లిపిలోనిదని మనము గర్వింపవచ్చును. స్వరములకు తోడు గమకములకు కూడ గుర్తులు ఏర్పరచి ముత్తుస్వామి దీక్షితుల కృతులను అందులో నిలిపినారు. కాని స్వరము కదలునని గుర్తు చెప్పును. ఎంత కదలునో, ఏ నెమ్మదితో కదలునో గురువు నోటనే వినవలెను.

ఆరభి, దేవగాంధారి రాగములను ఉదాహరణగా తీసికొందము. రెండింటికి ఆరోహణము స రి మ ప ధ స. అవరోహణము స ని ధ ప మ గ రి స. కాగితముపై చూచినవాడు రెండును ఒకటే యనును. విన్నవాడు అట్లనడు. ఆరభిలో స్వరములు పెద్దగా ఊగక, తిన్నగా, చురుకుగా సాగును. త్యాగరాజస్వామి వారి పంచరత్నములలో ‘సాధించెనే’ ఈ రాగములోనిదే. దేవగాంధారికి తొందర లేదు. రిషభమును పట్టి మెల్లగా ఊపుచు నిలుచును. ‘క్షీరసాగరశయన’ విన్నవారికి ఆ ఊపు గుర్తుండును. శాస్త్రము చదువనివారు సైతము ఈ రెండు కృతులను వెనువెంటనే వినినచో, పాట మాటలను కాసేపు పక్కనుంచి, స్వరము ఎక్కడ నిలిచినది, ఎక్కడినుండి జారినది అని గమనించినచో, భేదము తామే పట్టగలరు. రాగమును వినుటకు ఓనమాలు ఇవియే.

మన పూర్వులకు ఈ ఓనమాలు నేర్పిన బడి దేవాలయము. సన్నాయికి మాట లేదు. ఊపిరి బలమును, పెదవుల ఒత్తిడిని సవరించుచు, రంధ్రమును సగము మూసి సగము తెరచి, విద్వాంసుడు స్వరమును జార్చును, ఊపును. వినువారికి వరుస తప్ప వేరు ఆధారము లేదు. వేకువను భూపాలము, రాత్రి పవళింపు సేవకు నీలాంబరి వినుచు పెరిగిన ఇల్లాండ్రు గడియారము చూడకయే ఇప్పుడు ఏ సేవ జరుగుచున్నదో చెప్పెడివారు. రాగము పేరు వారికి తెలియకపోవచ్చును, రాగము తెలియును.

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా గారి చరిత్ర ఈ సందర్భమున స్మరణీయము. వంశవిద్యగా అబ్బిన నాదస్వరముతో తృప్తిపడక, తమిళదేశమునకు వెళ్లి నాచ్చియార్‌కోవిల్ విద్వాంసుల వద్ద ఆ బాణీని వినివిని పట్టినారు. శ్రీరంగమున స్థిరపడి రంగనాథుని సన్నిధిని సేవించినారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదమును అందుకొని, మరుసటి ఏట పరమపదించినారు.

ఇటీవల ఒక ఆలయమున ఏకాంతసేవ వేళ ధ్వనిముద్రిక వినిపించుచుండగా, సన్నాయి విద్వాంసుడు వాద్యము ఒడిలో పెట్టుకొని ఊరక కూర్చుండుట చూచినాను. ఆయన తప్పు కాదు, మీట నొక్కినవారిదీ కాదు. ఆలకించువారు లేరని ఇరువురికిని తోచియుండును.

ఈ ప్రతిష్ఠామహోత్సవమున స్వామివారి ఊరేగింపు వీధి మలుపులలో ఆగును. అచ్చట మేళగాండ్రు తీరికగా ఆలాపన చేయుట పూర్వాచారము. డోలు ఆగి సన్నాయి ఒంటరిగా మ్రోగు ఆ కొద్ది నిమిషములు బాణసంచా వెలిగింపవలదని కార్యకర్తలకు విన్నపము.