గేరు రాడ్డు మొదలు డ్రైవింగ్ మోడ్ వరకు

మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి వద్ద అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి కృష్ణానదిని దాటుతుంది. ఆ దారిన సిమెంటు లారీ కదిలేటప్పుడు డ్రైవరు క్లచ్ తొక్కి గేరు రాడ్డును ముందుకు, వెనుకకు జరుపుతాడు. దాని ప్రక్కనుండి దూసుకుపోయే శక్తిమంతమైన ఎస్‌యూవీలో డ్రైవరు ‘కంఫర్ట్’ అనో ‘స్పోర్ట్’ అనో ఒక మీట నొక్కి ఊరుకుంటాడు. ఈ రెండు పనులకూ మూలసూత్రం ఒక్కటే.

ఎద్దు నిలిచిన చోటినుండే బండిని లాగగలదు. ఇంజను అట్లా కాదు. కొంత వేగంగా తిరుగుతున్నప్పుడే బలమిస్తుంది. అందుకే పళ్ళచక్రాలు అవసరమైనాయి. 20 పళ్ళ చక్రం 60 పళ్ళ చక్రాన్ని త్రిప్పితే, ఘర్షణ నష్టం పోగా, త్రిప్పే బలం సుమారు మూడింతలవుతుంది. వేగం మూడవ వంతుకు తగ్గుతుంది. ఒకటి కావాలంటే రెండవది వదులుకోవలసిందే.

1890వ దశాబ్దంలో ఫ్రాన్సు దేశపు పనార్ లెవాసోర్ సంస్థ, పళ్ళచక్రాలను జరిపి కలిపే గేరుపెట్టెను కార్లలో అమర్చింది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు వచ్చిన సింక్రోమెష్ చక్రాల వేగాలను ముందుగా సమం చేసి, ఆ పనిని సులువు చేసింది. కాని బరువు బండ్లకు ఈ సౌకర్యం ఆలస్యంగా అందింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమైన నాటికి, బస్సు గేరు మార్చడం ఒక విద్య. క్లచ్‌ను రెండుసార్లు తొక్కి వేగాలు కుదిర్చితేగాని పళ్ళు చప్పుడు లేకుండా కలిసేవి కావు.

1939లో ఓల్డ్స్‌మొబైల్ కార్లకు వచ్చిన హైడ్రామాటిక్ ఆ విద్యనే అనవసరం చేసింది. బండి వేగాన్నీ, యాక్సిలరేటరు తొక్కిన తీరునూ బట్టి నూనె ఒత్తిడియే గేరు మార్చేది. తరువాతి కాలంలో ఆ నిర్ణయం కంప్యూటరు వశమైంది. నేటి మోడ్‌లు దానికిచ్చే ఆదేశాలే. కంఫర్ట్‌లో అది త్వరగా పై గేరుకు పోయి ఇంధనం ఆదా చేస్తుంది. స్పోర్ట్‌లో క్రింది గేరును ఎక్కువసేపు నిలుపుతుంది. జారుడు నేలకు ఉద్దేశించిన మోడ్‌లో చక్రాలు ఊరకే గిర్రున తిరగకుండా బలాన్ని మెల్లగా అందిస్తుంది. మీట నొక్కినంత మాత్రాన సాధారణంగా ఇంజను గరిష్ఠశక్తి పెరగదు. దానిని వాడే తీరు మారుతుంది.

ఇది తెలియకపోవడంలోని ప్రమాదం శ్రీశైలం ఘాటు వంటి వాలుదారులలో బయటపడుతుంది. ఇంధనం మిగులుతుందని న్యూట్రల్‌లో దిగితే, ఇంజను చక్రాలను నిలువరించదు. భారమంతా బ్రేకులపై పడి, అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. క్రింది గేరులో ఇంజనే బండిని వెనుకకు పట్టి ఉంచుతుంది. కనుక ఆటోమేటిక్ బండిలోనూ దీర్ఘమైన వాలులో డ్రైవరు తానే క్రింది గేరు ఎంచుకోవాలి. గేరు మార్చే చెయ్యి మారింది గాని, ప్రకృతి నియమం మారలేదు.