కుంగిన రథచక్రం

కర్ణుడి చావుకు కారణాలనేకం. అంబాసిడర్ చావుకూ అంతే. 2014 మే 24న కోల్‌కతా పొరుగున ఉత్తర్‌పాడా కర్మాగారంలో పని నిలిపేస్తూ హిందుస్థాన్ మోటార్స్ పెద్ద జాబితానే చదివింది: నిధుల్లేవు, గిరాకీ లేదు, బాకీలు పేరుకున్నాయి, క్రమశిక్షణ లేదు. షెడ్డులో మేస్త్రీని అడిగితే మాత్రం కథ ముందు చక్రం దగ్గర మొదలుపెడతాడు. నాకు ఆయన మాటే నిజమనిపిస్తుంది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులతో 1957లో మొదలైన బండి అది. ముందు చక్రాల దగ్గర కాయిల్ స్ప్రింగులుండవు. చెరో పక్కా పొడవాటి ఉక్కు కడ్డీ, టార్షన్ బార్, మెలితిరుగుతూ బరువు మోస్తుంది. చక్రాన్ని నిలబెట్టే కింగ్ పిన్ కింది కొసన మరలుంటాయి. అవి ట్రనియన్ అనే మరల గూటిలో కూర్చుంటాయి. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ మరలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. మధ్యలో ఉండాల్సింది గ్రీజు.

ఆ కాళ్ల మీదే నడిచింది ఒక కాలమంతా. కలెక్టరు పర్యటన, ఎన్నికల ప్రచారం, పెళ్లివారు, పురిటినొప్పుల ఆడకూతురు, అందరికీ అదే బండి. ముందు ముగ్గురు, వెనక ఎందరో లెక్కే లేదు. దేన్నైనా తట్టుకుంటుందన్నారు. ఆ పొగడ్తే దాని కొంప ముంచింది. తట్టుకునే బండికి గ్రీజు గన్ ఎందుకనుకున్నారు జనం. కొనేవాడు క్యూలో ఉండగా మార్పెందుకనుకుంది కంపెనీ.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, గ్రీజు గన్ అడగని ముందు చక్రాలతో. ఉత్తర్‌పాడా 1990ల్లో ఇసుజు ఇంజను తెచ్చి బిగించింది గానీ, ముందు టార్షన్ బార్లు అలాగే ఉండిపోయాయి. 1980ల నడుమ ఏటా 20,000 పైచిలుకు అమ్మిన బండి 2013-14లో సుమారు 2,200 దగ్గర ఆగింది. 2017లో ఆ పేరును ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.

ఎండిన మరలు అరుగుతున్నప్పుడు పెద్దగా చప్పుడు చేయవు. ముందు స్టీరింగ్ బరువెక్కుతుంది. టైరు ఒక అంచున అరిగిపోతుంది. గతుకుల్లో టకటక మొదలవుతుంది. డ్రైవరు రేడియో గొంతు పెంచుతాడు. చివరికి పిన్ను ట్రనియన్‌లోంచి ఊడొస్తుంది, చక్రం పక్కకు మడతపడుతుంది, బండి ముక్కు నేలకానుతుంది. అలా కూలిన బండ్లలో ఎన్నో మళ్లీ లేవకుండా నేరుగా తుక్కుకే వెళ్లాయి. బాడీ మాత్రం రాయిలా ఉండేది, అదే బాధ.

ఇంకా ఎవరి వాకిట్లోనైనా తాతగారి అంబాసిడర్ నిలబడి ఉంటే, తుక్కువాడిని పిలిచే ముందు ఒక్క పని చేయండి. ముందు చక్రం నేల వదిలేలా జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఆడుతుంటే మరొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట ఆగితే వీల్ బేరింగ్ బిగించుకుంటే చాలు. ఆగకపోతే పిన్ను, ట్రనియన్, బుష్షులు మార్చాల్సిందే, అదీ రెండు పక్కలా. టార్షన్ బార్ బిగువు వదలకుండా కింది ఆర్మ్ విప్పనివ్వకండి, తన్నిందంటే చెయ్యి పోతుంది. విప్పిన బార్లు ఇటుది అటు మార్చనివ్వకండి. రబ్బరు బుష్షుల నట్లు బండి చక్రాల మీద నిలిచాకే చివరిగా బిగించాలి. లేకపోతే కొత్త రబ్బరు కొన్నాళ్లకే చిరుగుతుంది. ఇప్పుడు దొరికే పిన్నులన్నీ ఒకే నాణ్యత కావు. మెత్తని ఇనుముతో చేసినవీ ఉన్నాయి, తెలిసిన మేస్త్రీకి చూపించే కొనండి. ఆపైన చక్రం ఎత్తిపెట్టి, పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది ఎక్కించండి.