గడ్డిమోపుల అవతల చోళవరం

చోళవరంలో కాంక్రీటు పోసింది పందేల కోసం కాదు. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. ఆ యుద్ధకాలంలోనే నగరానికి ఉత్తరాన, నెల్లూరుకొచ్చే జి.ఎన్.టి. రోడ్డు దగ్గర్లో విమానాలకని రన్‌వేలు పరిచారు. యుద్ధం ముగిశాక విమానాలు పోయాయి, కాంక్రీటు మిగిలింది. దాని మీద కార్లు పరుగెత్తించాలన్న ఆలోచన ఆ తర్వాత మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ది.

క్లబ్ పుట్టింది 1953లో. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి నెల్లూరు జిల్లా మద్రాసు నుంచి విడిపోయింది. 1960లో సరిహద్దులు మళ్లీ సర్దినప్పుడు పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల ఊళ్లు కొన్ని ఇటు వచ్చాయి. చోళవరం అటే ఉండిపోయింది. అయితేనేం, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట వాళ్లకు అది పొరుగూరే. పందేలున్నాయంటే మద్రాసు పోయే బస్సు ఎక్కడం, దారిలో దిగిపోవడం. లారీ డ్రైవర్లయితే రోడ్డు వారన బండి ఆపి, ఓ పందెం చూసి మరీ కదిలేవాళ్లు.

ఏం పరుగెత్తేవి? రాకుమారుల దగ్గర విదేశీ కార్లుండేవి, నిజమే. కానీ జనాన్ని లాగింది అంబాసిడర్లు, ఫియట్లు, మద్రాసులోనే తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డులు. అమెరికాలో 1948లో పుట్టిన పందేల సంస్థ నాస్కార్ మరుసటి ఏడాది మొదలుపెట్టిన పోటీకి మూలసూత్రం కూడా ఇదే: షోరూములో కొన్న కారు, అందరూ నడిపే కారు పందెంలో దిగాలి. డేటోనాలో వాళ్లు మొదట్లో సగం దూరం సముద్రపు ఇసుక మీదే పరుగెత్తారు. మనకు కోట నుంచి మైపాడు దాకా అంత ఇసుక ఉన్నా పందెం మాత్రం పాత రన్‌వేకే రాసిపెట్టి ఉంది. పైగా ఇక్కడ కారంటే బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుకోవలసిన ఆస్తి. అలాంటి దాన్ని వెనక సీటు పీకేసి, తలుపు మీద అంకె వేసి, పక్కవాడి బంపరుకు బంపరు ఆనించి తోలడం ఎంత తెగింపో నేటి వాయిదాల తరానికి చెప్పినా అర్థం కాదు.

నేను ట్రాక్ పక్కన కెమెరాతో మొదటిసారి నిలబడింది హెయిర్‌పిన్ మలుపు దగ్గర. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఫొటో స్టూడియో ఉన్న మామ వెంట వెళ్లాను. నాకూ కార్లకూ మధ్య ఉన్నవి వరసగా పేర్చిన గడ్డిమోపులు, కొన్ని తారు డ్రమ్ములు. అంతే. మామ నా మెడలో వేసిన యాషికా పెళ్లిళ్ల కెమెరా. పైనుంచి తొంగి చూస్తే గాజు మీద బొమ్మ కనబడుతుంది, కానీ కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కదలని పెళ్లికూతురికి ఆ తిరకాసు ఇబ్బంది కాదు. ఎడమ నుంచి దూసుకొచ్చే ఫియట్ మాత్రం గాజు మీద కుడి నుంచి వస్తుంది. దాన్ని పట్టుకోవాలని బొమ్మ కదిలే వైపే చెయ్యి తిప్పితే అది ఇంకా వేగంగా జారిపోతుంది. కెమెరా పైనున్న హుడ్ ముందు పలకను లోపలికి నొక్కితే ఒక చదరపు కిటికీ తెరుచుకుంటుంది, దాన్ని కంటికి ఆనించుకుని నేరుగా చూడొచ్చు. అదీ మామే చూపించాడు.

"అబ్బయా, కారు వచ్చినాక నొక్కితే కారుండదు. అల్లంత దూరంలో ఉన్నప్పుడే పట్టుకో, దాంతో పాటే నడుం తిప్పు, తిప్పతా నొక్కు. నొక్కినాక కూడా ఆపొద్దు."

షట్టర్ సెకనులో నూట ఇరవై అయిదో వంతుకు పెట్టి అలా తిరిగితే కారు నిలుస్తుంది, వెనకున్న జనం గీతలుగా సాగిపోతారు. అరవయ్యో వంతుకు దించితే చక్రాలు కూడా తిరుగుతున్నట్టే పడతాయి, కానీ చేయి ఏమాత్రం తడబడినా కారే గీతవుతుంది. రోలుకు పన్నెండు బొమ్మలు. లోపలున్నది ఊటీలో తయారైన ఇందు ఫిల్ము. ఆ ఫ్యాక్టరీ కూడా తర్వాత నష్టాల్లో కూరుకుని మూతపడింది, అది వేరే ఏడుపు. మలుపులో బ్రేకు వేసిన హెరాల్డ్ వెనక భాగం చెదిరి మా వైపు తిరిగినప్పుడు రబ్బరు కాలిన వాసన, ఇసుక, వేడిగాలి ఒక్కసారిగా మొహాన కొట్టాయి. డ్రైవరు పళ్లు బిగించడం కనిపించింది. అంత దగ్గర.

ఆ దగ్గరతనమే చోళవరం ప్రాణం, దాని మృత్యువు కూడా అదే అని నా అభిప్రాయం. లక్షలు పోసి కొన్న కార్లు అక్కడికి వస్తూనే ఉన్నాయి. గోండల్ రాజవంశీకుడు వచ్చాడు. విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి తోలాడు. కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే ఒంటిసీటు కార్లు కట్టాడు. వేగం పెరిగింది, గడ్డిమోపు మాత్రం గడ్డిమోపుగానే ఉంది. నేల క్లబ్‌ది కాదు, గోడ కట్టడానికీ ఏళ్లకు సరిపడా ఆలోచించడానికీ వీల్లేదు. బెంగుళూరు రోడ్డులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్ సొంత భూమి కొని 3.7 కిలోమీటర్ల ట్రాక్ వేసింది. 1990లో పందేలు అక్కడికి మారాయి.

మారడం తప్పని ఎలా అంటాను? ఫార్ములా మారుతితో మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో దేశపు తొలి ఫార్ములా వన్ డ్రైవరయ్యాడు. సరైన ట్రాక్ లేకుండా అది అయ్యేది కాదు. కానీ నెల్లూరు వైపు వాళ్లకు కొత్త ట్రాక్ నగరానికి అవతలి దిక్కున పడింది. మద్రాసంతా దాటుకుని ఎవరు పోతారు? లారీలు ఆగడం మానేశాయి. పందెం మెరుగైంది, జనం పలచబడ్డారు.

ఆనాటి మనుషులకు మాత్రం ఏం మిగిలింది! కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి పోయాడు. ఆయన పేరు కోయంబత్తూరు ట్రాక్‌కు పెట్టారు. మాల్యా 2007లో ఏకంగా ఫార్ములా వన్ టీమునే కొన్నాడు. 2012లో ఆయన విమాన సంస్థ ఎగరడం ఆగిపోయింది, 2016లో ఆయన దేశం దాటాడు, 2018లో టీము దివాలా పరిపాలకుల చేతికి పోయింది. హెరాల్డ్ చేసిన కంపెనీ వీటన్నిటికీ ముందే కార్లు ఆపేసింది.

తెలుగు నేల మీదికి ప్రపంచ స్థాయి పందెం 2023 ఫిబ్రవరి 11న వచ్చింది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద, బ్యాటరీతో నడిచే ఫార్ములా ఇ కార్లు. ఫ్రాన్సు డ్రైవరు ఝాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అలాంటి చోట కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద మనిషెత్తు దాటిన ఇనుప వల, వలలో కెమెరాల కోసం కోసిన కంతలు. కంత ముందు నిలబడటానికి ముందుగా అనుమతి, ఒంటి మీద ప్రత్యేకమైన చొక్కా. ఉండాల్సిందే, కాదనను. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో పందెం, రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, జనవరిలోనే రద్దయింది. వేసిన ట్రాక్ మళ్లీ మామూలు రోడ్డయింది. ఆ కంతల్లోంచి హైదరాబాద్ పందేన్ని మొదటిసారి తీసిన కుర్రాళ్లకు అదే ఇప్పటిదాకా ఆఖరిసారి కూడా.