మన తొలి టాకీలో ప్రహ్లాదుడు

పండుగనాడు రాజులను, కవులను స్మరించుకొనుట మన ఆచారము. ఈసారి ఒక పిల్లవానిని స్మరింపదలచినాము.

1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’తో మన దేశమున చిత్రములు మాట్లాడనేర్చినవి. ఆ ఏడే హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన ‘కాళిదాస్’లో తమిళముతోపాటు తెలుగూ వినిపించినది. పిదప ఆయనే పూర్తిగా తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ తీసినారు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి నాటకమే దానికి ఆధారము. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. లీలావతి సురభి నాటక కుటుంబమున పెరిగిన కమలాబాయి. ప్రహ్లాదుడు మాత్రం సుమారు తొమ్మిదేండ్ల మాస్టర్ కృష్ణారావు. చిత్రము తయారైనది తెలుగునాట కాదు, బొంబాయిలో! మన టాకీ కూడ మనవలెనే పరదేశమున కన్ను తెరచినదన్నమాట.

నేటివలె ఒకరి పెదవులకు మరొకరి గొంతు చేర్చు సౌకర్యము అప్పుడు లేదు. కెమెరా తిరుగుచుండగానే పాత్రధారి స్వయముగా పలుకవలెను, పాడవలెను. ఒకరు తడబడినచో మరల మొదటికే. అంతటి పరీక్షలో ఆ పసివాడు పెద్దలసరసన నిలిచి నెగ్గినాడు.

చండామార్కుల బడిలో మొద్దబ్బాయి వేషము వేసిన ఎల్.వి. ప్రసాద్ గారు పెద్ద దర్శక నిర్మాతలై, ఫాల్కే పురస్కారము పొందినారు. ప్రహ్లాదుని పేరు ఎందరికి గుర్తున్నది? ఆ చిత్రము విడుదలైన తేదీనే మనము చాలకాలము 1931 సెప్టెంబరు 15 అని చెప్పుకొన్నాము. పాత్రికేయులు రెంటాల జయదేవ గారు పాత పత్రికలు, రికార్డులు వెదకి, సెన్సారు ధ్రువీకరణ 1932 జనవరి 22దని, బొంబాయిలో విడుదల ఫిబ్రవరి 6న అని తేల్చినారు. చరిత్రను వ్రాసి ఉంచుకొనని జాతి తన పుట్టినరోజునే మరచునని మాకు తోచినది.

1967లో ఏ.వి.ఎం. వారు రంగులలో ‘భక్త ప్రహ్లాద’ తీయగా, మద్రాసు బాలిక రోజారమణి ఆ వేషముతో ఇంటింటి బిడ్డ అయినది. ఆమెకు సుశీలమ్మ పాటలు పాడినారు. తరువాత రోజారమణియే ఎందరో కథానాయికలకు తన గొంతు అరువిచ్చినది. ఆమె కుమారుడు తరుణ్ కూడ ‘అంజలి’లో నటించి జాతీయ బాలనటుడైనాడు.

ఇక మన సంగతి. రైలు ఉద్యోగరీత్యా బదిలీలపై తిరుగు మా వంటివారి పిల్లలు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుకొందురు. తమిళము మనకు అన్నము పెట్టు భాష; దానిపై మాకు ఫిర్యాదు లేదు. కాని తెలుగు వినుట వచ్చి పలుకుట రాని పిల్లలు మన ఇండ్లలో పెరుగుచున్నారు. గొంతు అరువు తెచ్చుకొనుట సినిమాలో చెల్లును, ఇంటిలో చెల్లదు.

కావున మా మనవి: వచ్చే ఉగాదికి మన పిల్లలచేత ప్రహ్లాద చరిత్రలో ఒక్క ఘట్టమైనను ఆడింతము. రికార్డు వద్దు, తెరవెనుక అందింపు వద్దు. తడబడినా సరే, తమ గొంతుతోనే పలుకవలెను. వారి పేర్లను, తేదీని ఈ సంచికలోనే అచ్చువేయింతము.