థాయ్ మసాజ్: రాతి మీద బతికిన వైద్యం

థాయ్ మసాజ్ అనగానే మనలో చాలామందికి ముందు ఒక వెకిలి నవ్వు వస్తుంది. ఆ నవ్వు వెనకాల ఎంత పెద్ద కథ మిస్సవుతున్నామో ఇవాళ చూద్దాం.

1767లో బర్మా సైన్యం అయుత్తయ నగరాన్ని నేలమట్టం చేసింది. అప్పటి థాయ్‌ల రాజధాని అది. ఊరితోపాటు గ్రంథాలూ కాలిపోయాయి, వాటిలో వైద్య గ్రంథాలు కూడా ఉన్నాయి. ఒకసారి ఆలోచించండి, పుస్తకం కాలిపోయి, గురువు కూడా చనిపోతే ఆ విద్య ఏమవుతుంది? నేను కోడ్ రాసే రోజుల్లో బ్యాకప్ లేని సర్వర్ అంటేనే మాకు భయం. ఇక్కడ ప్రమాదంలో పడింది ఒక దేశపు వైద్యం!

తర్వాత బ్యాంకాక్ రాజధాని అయింది. 1830లలో మూడో రామ రాజు అక్కడి వాట్ ఫో గుడిని బాగుచేయిస్తూ, మిగిలిన విద్యలన్నీ రాతి పలకల మీద చెక్కించాడు. మసాజ్‌కి సంబంధించినవే 60 బొమ్మలు. మనిషి ఆకారం గీసి, ఎక్కడ నొక్కాలో గుర్తులు పెట్టారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, వాటిని ఖజానాలో దాచలేదు. గుడికి వచ్చినవాళ్ళు చూసేలా గోడలకే పెట్టారు.

ఆ బొమ్మల్లోని గీతల్ని 'సెన్' అంటారు. ముఖ్యమైనవి పది. వాటిలో మూడింటి పేర్లు ఇథా, పింగలా, సుమనా. మన ఇడ, పింగళ, సుషుమ్న గుర్తొచ్చాయి కదా! పైగా థాయ్ మసాజ్ చేసేవాళ్ళు గురువుగా మొక్కేది జీవకుడికి. బింబిసారుడికీ బుద్ధుడికీ వైద్యం చేసిన ఆయనే. అందుకని "మసాజ్ మొత్తం ఇండియా నుంచే వెళ్ళింది" అనేస్తారు కొందరు. నేనైతే అంత దూరం వెళ్ళను. బౌద్ధ గ్రంథాల్లో జీవకుడు తక్షశిలలో చదివాడు, శస్త్రచికిత్సలు చేశాడు. మసాజ్ నేర్పినట్టు మాత్రం లేదు. పేర్లు, భక్తి బౌద్ధంతో వెళ్ళి ఉంటాయి. చేతిపని మాత్రం అక్కడి పల్లెల్లోదే అనిపిస్తుంది నాకు. పొలం పనితో ఒళ్ళు పట్టేసిన రైతులకి ఊళ్ళోవాళ్ళే ఒళ్ళు పట్టేవారు.

పద్ధతి కూడా వేరే. నూనె ఉండదు, ఒంటి మీద బట్టలు ఉంటాయి, నేల మీద పరుపు. బొటనవేళ్ళు, మోచేతులు, పాదాలతో నొక్కుతూ, యోగాసనాల్లా ఒళ్ళు సాగదీస్తారు. మెడ, నడుము పట్టేసినప్పుడు కొంతకాలం హాయిగా ఉంటుంది, మనసు కూడా నెమ్మదిస్తుంది. రోగాలన్నీ పోతాయంటే మాత్రం నమ్మకండి. ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డ కట్టినవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగాలి.

1955లో వాట్ ఫోలోనే ఈ విద్య నేర్పే బడి పెట్టారు. 2019లో యునెస్కో దీన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆ రాతి పలకలు ఇప్పటికీ గుడిలోనే ఉన్నాయి. బ్యాంకాక్ వెళ్తే, పడుకున్న బుద్ధుడితో సెల్ఫీ అయ్యాక అటు కూడా ఓసారి నడవండి.