నవ్వకుండా నవ్వించిన ముగ్గురు

అమెరికా వచ్చిన కొత్తలో, రెసిడెన్సీ చేస్తున్న రోజుల్లో, ఒక మిత్రుడి ఇంట్లో ‘ఎయిర్‌ప్లేన్!’ అనే సినిమా చూశాను. చుట్టూ అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెర మీద ఎవరూ నవ్వరు. అందరూ మహా గంభీరంగా మాట్లాడతారు. రెండోసారి చూస్తే గాని తెలియలేదు, ఆ గాంభీర్యమే అసలు హాస్యమని!

పేరడీ మనకు కొత్త కాదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గారి పేరడీలు చదివి ఆనందించిన వాళ్ళం. హాలీవుడ్‌లో ఆ విద్యకు పేరు తెచ్చినవారు డేవిడ్ జకర్, జెర్రీ జకర్ అనే అన్నదమ్ములు, వారి స్నేహితుడు జిమ్ ఏబ్రహామ్స్.

మిల్వాకీ ప్రాంతంలో పెరిగిన ఈ ముగ్గురూ 1971లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ‘కెంటకీ ఫ్రైడ్ థియేటర్’ అనే చిన్న ప్రదర్శన బృందాన్ని మొదలుపెట్టి, మరుసటి ఏడు లాస్ ఏంజెలెస్ చేరారు. టీవీ ప్రకటనలను ఎగతాళి చేయడం కోసం రాత్రిపూట కార్యక్రమాలను రికార్డు చేసుకునేవారు. అలా ఒకసారి 1957 నాటి ‘జీరో అవర్!’ అనే సినిమా వారి కంటబడింది. విమానంలో చేప భోజనం తిన్న పైలట్లు జబ్బుపడతారు. యుద్ధ జ్ఞాపకాలతో కుంగిపోయిన ఒక మాజీ పైలట్ విమానాన్ని కిందికి దించాలి. ఈ ముగ్గురూ ఆ కథ హక్కులు కొని, దాన్ని దాదాపు అలాగే ఉంచి, సందు దొరికినచోటల్లా హాస్యం జొప్పించారు. లెస్లీ నీల్సన్, రాబర్ట్ స్టాక్, పీటర్ గ్రేవ్స్ వంటి గంభీర నటులనే పెట్టుకున్నారు. 1980లో విడుదలైన ఆ చిత్రానికి సుమారు 35 లక్షల డాలర్లు ఖర్చయితే, ఉత్తర అమెరికాలోనే 8 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

ఎదురుదెబ్బలూ తిన్నారు. 1982లో తీసిన ‘పోలీస్ స్క్వాడ్!’ టీవీ ధారావాహిక ఆరు భాగాలతోనే ఆగిపోయింది. 1988లో అదే ‘ద నేకెడ్ గన్’ సినిమాగా మారి ఘనవిజయం సాధించింది. అప్పటికి ఎవరి దారిన వారు విడిగా దర్శకత్వం చేపట్టారు. జెర్రీ 1990లో ‘ఘోస్ట్’ తీస్తే, జిమ్ 1991లో ‘హాట్ షాట్స్!’ తీశారు.

ఇక డాక్టరుగా నన్ను కదిలించిన సంగతి చెబుతాను. 1993లో జిమ్ గారి పసివాడు చార్లీకి మూర్ఛ మొదలైంది. ఎన్నో మందులు వాడారు, మెదడుకు ఆపరేషన్ కూడా చేయించారు. గుణం కనిపించలేదు. అప్పుడాయన స్వయంగా గ్రంథాలయానికి వెళ్ళి చదివితే, కొవ్వు ఎక్కువగా, పిండి పదార్థాలు బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ పథ్యం గురించి తెలిసింది. 1921లో మేయో క్లినిక్‌లో ప్రతిపాదించిన ఈ వైద్యం, కొత్త మందుల రాకతో మరుగున పడింది. జాన్స్ హాప్‌కిన్స్ వైద్యుల పర్యవేక్షణలో పథ్యం ప్రారంభించిన కొద్దిరోజులకే బాబుకు మూర్ఛ ఆగిపోయింది. జిమ్ 1994లో చార్లీ ఫౌండేషన్ స్థాపించారు. 1997లో మెరిల్ స్ట్రీప్‌తో ‘ఫస్ట్ డూ నో హార్మ్’ అనే టీవీ చిత్రం తీశారు. అందులో నవ్వులాట లేదు.

పథ్యం అందరికీ పనిచేయదు, వైద్యుల పర్యవేక్షణ లేకుండా చేయకూడదు. కాని ఆ తండ్రికి ఈ దారి ఒకటుందని ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న మా వృత్తిలోని వారందరికీ వర్తిస్తుంది. తల్లిదండ్రులు ఏదో చదివి వచ్చి అడిగితే విసుక్కోకూడదని నేను నేర్చుకున్నది ఈ కథ వల్లనే.

జిమ్ ఏబ్రహామ్స్ 2024 నవంబరులో కన్నుమూశారు. జనం మరచిన పాత సినిమాలో నవ్వును వెతికిన మనిషే, వైద్యులు మరచిన పాత పుస్తకాల్లో కొడుకు ఆరోగ్యాన్నీ వెతుక్కున్నారు.

ఈ పండుగ సెలవుల్లో ‘ఎయిర్‌ప్లేన్!’ చూడండి. కొన్ని జోకులు మోటుగా ఉంటాయి కనుక పిల్లలు పడుకున్నాకే సుమా! మొదటిసారి నవ్వు రాకపోతే కంగారుపడకండి, నాకూ రాలేదు.