మందుకొమ్ము మిగిలింది: తండాలు, తుపాకులు, ఆస్తి హక్కు

ఈ సంచిక కోసం మేము చిలమత్తూరు, హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల తండాల్లో పాత వస్తువులు చూస్తూ తిరిగాము. అద్దాల రవికెలు, వెండి కడియాలు, ఎద్దుల మెడగంటలు, గోనెసంచులు కుట్టే దబ్బనాలు బయటికి వచ్చాయి. ఒక ఇంట్లో పెద్దాయన అటక మీదినుంచి ఎద్దుకొమ్ము ఒకటి దించారు. కొసన చిన్న రంధ్రం, దానికి చెక్క బిరడా. నాటుతుపాకికి మందు పోసుకునే కొమ్ము అది.

"తుపాకి ఏది తాతా?" అని అడిగాము.

"మా నాయన కాలంలోనే స్టేషన్లో పెట్టేసినారు. చీటీ కూడా ఇయ్యలేదు నాయనా. కొమ్ము మాత్రం మా అవ్వ గింజలు పోసుకుంటానని దాచుకునింది" అన్నారు.

దాన్ని ఫోటో తీసి సంచికలో వేయాలా వద్దా అని మాలో మాకే వాదన వచ్చింది. కుర్రవాళ్లు కొందరు "మన చరిత్ర, వేయాలి" అన్నారు. పెద్దలు కొందరు "ఆ ఇంటికి మళ్లీ పోలీసులు వస్తే?" అన్నారు. ఖాళీ కొమ్ముకు కూడా మనవాళ్లు ఇంతగా భయపడుతున్నారంటే ఆ భయం ఎక్కడినుంచి వచ్చింది? ఆ ప్రశ్నే మా చేత ఈ వ్యాసం రాయించింది.

లదేణి కాలంలో ఆయుధం

సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని పిలువబడే మన పెద్దలు స్థిరంగా ఒక ఊళ్లో ఉన్నవారు కారు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగే లదేణి వారి బతుకు. క్రీ.శ. 1739లో గుత్తి దగ్గర జన్మించిన సంత్ సేవాలాల్ మహారాజ్ కూడా పశువుల మందలతో తిరిగిన కుటుంబంలోని వారే. వందల ఎద్దుల బిడారు అడవి దారిన పోతున్నప్పుడు దొంగల భయం, మృగాల భయం రెండూ ఉండేవి. కాబట్టి బిడారుతో కత్తులు, బల్లేలు, తర్వాత తుపాకులు కూడా నడిచేవి. కావడి మోసేవాడికి కావడిబద్ద ఎలాగో, బిడారు నాయక్‌కు ఆయుధం అలాగే పనిముట్టు.

ఆ ఆయుధాల మీద అప్పటి రాజ్యాలకు అభ్యంతరం లేదు సరికదా, అవసరం కూడా ఉండేది. టిప్పు సుల్తాన్ మీద ఇంగ్లీషు కంపెనీ చేసిన 1791-92 యుద్ధంలోనూ, 1799 యుద్ధంలోనూ సైన్యాలకు ధాన్యం అందించింది బంజారా బిడారులే. కార్న్‌వాలిస్, ఆర్థర్ వెల్లస్లీ వంటి సేనానులు బిడారులు సమయానికి రాకపోతే అడుగు ముందుకు వేయలేకపోయేవారు. అప్పుడు మన చేతిలో ఆయుధం ఉండటం ఎవరికీ నేరంగా కనిపించలేదు.

దత్తమండలాల్లో తుపాకులు దించిన కథ

1799లో టిప్పు పడిపోయాక మన సీమ నిజాం చేతికి, 1800లో నిజాం చేతినుంచి కంపెనీ చేతికి వెళ్లింది. దత్తమండలాలు అని పేరు పడింది. మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. అప్పటికి ఈ ప్రాంతంలో చిన్నా పెద్దా 80 మంది పాలెగాళ్లు ఉన్నారని, వారి వెనుక వేలాది సాయుధ బంట్లు ఉన్నారని లెక్క. మన్రో వారి కోటలు ఖాళీ చేయించి, బంట్లను చెదరగొట్టి, కొందరికి పింఛన్లు ఇచ్చాడు. 1807లో ఆయన వెళ్లిపోయేనాటికి పాలెగాళ్ల సాయుధ బలం విరిగిపోయింది.

పాలెగాడికి పింఛను దక్కింది. మరి బంటుకు? ఊరి కాపలా కాసినందుకు కట్టుబడి బంట్లకు ఇనాం భూములు ఉండేవి. ఆయుధం పట్టే పనికి కూలి ఆ భూమే. పని పోయాక భూమి కూడా కదిలింది. ఇనాందారు చనిపోతే భూమిని సర్కారు తిరిగి తీసుకోసాగింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో కడుపు మండిన ఈ కట్టుబడి బంట్లు ఎందరో ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. ఆయుధం పోవడమూ ఆస్తి పోవడమూ మన సీమలో మొదటినుంచీ ఒకదాని వెంట ఒకటి నడిచాయని చెప్పడానికే ఈ మాట ఎత్తాము.

1878: లైసెన్సు ఎవరికి, మినహాయింపు ఎవరికి

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువారికి ప్రజల చేతిలోని ప్రతి తుపాకీ అనుమానంగా కనిపించింది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోరాదు. కానీ తెల్లవారికి ఆ నిబంధన లేదు. జమీందార్లకు, హోదా గలవారికి మినహాయింపులు దొరికాయి. అడవి అంచున జొన్నచేను కాసుకునేవాడు మాత్రం కచేరీ మెట్లు ఎక్కాలి.

చదువుకున్నవారు దీన్ని అవమానంగా తీసుకున్నారు. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టం మీద తీర్మానం చేసింది. 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల జాబితాలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చింది.

ఆ పెద్దలు సభల్లో వాదిస్తున్న కాలంలో మన తెగల మీద ఇంకొక చట్టం పడింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. యెరుకల సోదరుల వంటి సంచార తెగలవారు పుట్టుకతోనే నేరస్థులయ్యారు. వేలిముద్ర వేయాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. అదే కాలానికి బండిబాటలు, 1890లలో హిందూపురం మీదుగా వచ్చిన రైలు కలిసి ఎద్దుల బిడారును చంపేశాయి. ఎగువ కులాలవాడి గోడ మీది తుపాకి వంశ గౌరవం, తండాలో దొరికిన తుపాకి కేసు. అటక మీది కొమ్ముకు పట్టిన భయం ఇక్కడ పుట్టింది.

మన్యంలో అదే సమయంలో ఇంకో దారి కనిపించింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర వంటి గిరిజన వీరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద మూడు రోజులు వరుసగా దాడి చేసి 26 తుపాకులు పట్టుకుపోయారు. విల్లంబులే గతైనవారికి తుపాకి కావాలంటే సర్కారు కొట్టు ఒక్కటే చోటు.

రాజ్యాంగ సభలో చర్చ

స్వాతంత్ర్యం వచ్చాక 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ కరాచీ తీర్మానాన్ని గుర్తుచేసి, ఆయుధం ఉంచుకునే హక్కును ప్రాథమిక హక్కుగా చేర్చాలన్నారు. డాక్టర్ అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఎవరికి వారు అంగడికి పోయి మారణాయుధాలు కొనుక్కుంటే రాజ్యం ఎలా నడుస్తుందని ఆయన ప్రశ్న. చివరికి రాజ్యాంగం ఇచ్చింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. బలహీనుడి చేతికి తుపాకి వచ్చేలోపు బలవంతుడి చేతికి పది వస్తాయని మన అనంత సీమ కక్షల చరిత్ర చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అంబేడ్కర్ మాట సరైనదేనని మేమూ నమ్ముతాము.

నేరస్థ తెగల చట్టం 1947లో మద్రాసు రాష్ట్రంలోనూ, 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇందులో తెల్లవాడు, నల్లవాడు తేడా లేదు. లాఠీ, చేతికర్ర వంటివీ, కేవలం ఇంటికీ సేద్యానికీ పనికొచ్చేవీ ఆయుధాలు కావని రాసుంది. నిజమైన పంట కాపలాకు మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని కూడా ఉంది. మరోవైపు, పేలిన చప్పుడును, మెరుపును అణచే ఉపకరణాన్ని కూడా చట్టం తుపాకితో సమానంగా లెక్కేస్తుంది. తుపాకి లేకపోయినా ఆ గొట్టం ఒక్కటే దొరికినా నేరమే. ఖాళీ మందుకొమ్ముకు ఆ మాటలు అతకవని మాకు తోచింది. అయినా పెద్దల మాట విని, ఇంటివారి పేరు, ఊరు లేకుండానే ఫోటో వేస్తున్నాము.

2019: రెండు తుపాకుల గొడవ

1983 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులు దాటరాదన్నారు. 2019 నవంబరులో కేంద్రం దాన్ని ఒకటికి తగ్గిస్తూ బిల్లు తెచ్చింది. లైసెన్సుదారులు గట్టిగా అడ్డం తిరిగారు. తాతల తుపాకి మా వంశ చిహ్నం, డబ్బిచ్చి కొన్నది మా ఆస్తి, పరిహారం లేకుండా ఎలా వదులుకోమంటారు అన్నారు. పార్లమెంటులోనూ ఆ మాట వచ్చింది. చివరికి రెండు అని తేల్చి డిసెంబరులో చట్టం చేశారు. వారసత్వంగా వచ్చినవాటికీ రెండే పరిమితి. మూడోదాన్ని ఏడాదిలోగా స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి.

ఆస్తి వాదనకు చట్టంలో బలం ఎంత? ఆస్తి హక్కు ఒకప్పుడు ప్రాథమిక హక్కు. 1978 నాటి 44వ సవరణతో ఆ స్థానం పోయి 300ఎ అధికరణం మిగిలింది. చట్ట ప్రకారం తప్ప ఆస్తి తీసుకోరాదన్నది దాని సారం. కొడగు ప్రజల సంగతి వేరు. కొడవలకూ, అక్కడి జమ్మా భూమిదారులకూ ఇంగ్లీషు కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. కైల్ పోళ్దు పండుగకు వారు ఆయుధాలకు పూజ చేస్తారు. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా ఆ మినహాయింపును సమర్థించింది.

మూడో తుపాకి కోసం అంత చర్చ జరగడం తప్పని మేము అనము. ప్రజాస్వామ్యంలో సొత్తు పోతుందంటే అడగాల్సిందే. కానీ చీటీ కూడా లేకుండా తీసుకుపోయిన ఒకే ఒక్క తుపాకి గురించి ఎవరూ చర్చించలేదు. కొడవల ఆయుధం సంస్కృతి అయింది, మన ఆయుధం నేరమయింది. చట్టం మారినా ఆ తేడా ఇంకా మనసుల్లోంచి పోలేదు.

మేము అడిగేది

మాకు తుపాకులు తిరిగి ఇవ్వమని మేము అడగటం లేదు. మా మండలంలోనే వీరాపురం ఉంది. ఏటా వచ్చే ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల పక్క చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. ఏ తుపాకీ లేకుండా ఆ ఊరివారే వాటికి కాపలా. అలాంటి చోట బతుకుతూ వేట రోజులు రావాలని కోరుకోము.

అడిగేది రెండు మాటలు. అడవిపందులు చేను తొక్కితే రైతుకు నష్టపరిహారం కాలయాపన లేకుండా రావాలి. తుపాకి వద్దన్నప్పుడు పంటకు పూచీ ఎవరిదో చెప్పాలి కదా. రెండోది, తండాల పాత వస్తువులు భయం లేకుండా నమోదు కావాలి. ఎవరింట్లోనైనా పాత తుపాకి, దాని భాగాలు ఉంటే దాచుకోవద్దు, తెలిసిన వకీలును వెంటబెట్టుకుని చట్టప్రకారం అప్పగించి చీటీ తీసుకోండి. చీటీ తప్పక తీసుకోండి. మన పెద్దలకు దక్కనిది అదే.

ఆ పెద్దాయన కొమ్మును మాకు ఇవ్వలేదు. ఫోటో తీశాక తుడిచి మళ్లీ అటక మీద పెట్టుకున్నారు. "గింజలు పోసుకోవడానికి పనికొస్తుంది" అన్నారు.

జై సేవాలాల్.